ఓడ రోజున ఒప్పించిన నేరం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు ప్రాసిక్యూటర్లు పోయిన నెలలో మిన్నీ బేలో మా ఇంటికి వచ్చారు. ఒకతను మలయాళీ. రెండో అమ్మాయి మన తెలుగు పిల్లే, బతు బస్తీలో పుట్టి పెరిగింది. సర్వీసులో నేర్చుకున్నవి నాలుగు రాసిపెట్టమన్నారు. హిందీలో రాయనా అని అడిగితే ఆ అమ్మాయి వద్దంది. తనకి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం సరిగ్గా రాదట, వాళ్ళమ్మ చదివి వినిపిస్తుందట, అతనికి తను హిందీలో చెబుతుందట. సరేనని కూర్చున్నాను.

ప్రమోషన్ల గురించి రాయను. ఏ కాగితం ఏ బల్ల మీదికి వెళ్ళాలో మీ గుమస్తాలు చెబుతారు. నేను గెలిచిన కేసులు కొన్ని ఉన్నాయి, వాటిని చెప్పుకుంటే నాకు బాగుంటుంది గానీ మీకు ఒరిగేదేమీ లేదు. నేను సిగ్గుపడే కేసు ఒకటుంది. ముప్పై ఏళ్ళ పైచిలుకు దాన్ని ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకున్నాను. అదే రాస్తున్నాను.

ఓడ రోజు లిస్టు

మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వలలతో సహా సముద్రం దాటి ఈ దీవులకి వచ్చిన మత్స్యకారుడు. అప్పటికి నాకు పదేళ్ళు. ఇక్కడే బడికి వెళ్ళాను, విశాఖపట్నంలో లా చదివాను, అరవైల్లో తిరిగొచ్చి కోర్టు సబ్‌ఇన్‌స్పెక్టరుగా చేరాను. ఆ రోజుల్లో మేజిస్ట్రేటు ముందు చిన్న కేసులు నడిపించేది పోలీసు శాఖలోని మేమే. మీలాగా వేరే ఆఫీసు, వేరే అధికారం మాకు లేవు. ఒంటి మీద ఖాకీ, చేతిలో ఫైలు, అంతే.

మెయిన్‌లాండ్ ఓడ అప్పట్లో నెలకి ఒకసారో రెండుసార్లో కదిలేది. ఓడ తప్పితే మనిషి నెల రోజులు ఇక్కడే ఇరుక్కుపోతాడు. అందుకని మా కోర్టులో ఒక పద్ధతి ఉండేది. ఓడ కదిలే రోజున, చేతిలో టికెట్ ఉన్నవాళ్ళ చిన్న కేసులు ముందుగా పిలిచేవారు. లైటు లేని సైకిలు, లైసెన్సు దగ్గర పెట్టుకోని డ్రైవరు, జెట్టీలో కొట్లాట, ఇలాంటివి. నేను పొద్దున్నే వరండాలో నిలబడి ఒక్కొక్కరితో మాట్లాడేవాణ్ణి. ఒప్పుకుంటే ఫైను, ఫైను కట్టేస్తే ఓడ. ఒప్పుకోకపోతే వాయిదా. నూటికి తొంభైమంది ఒప్పుకునేవారు, వాళ్ళు చేశారో లేదో నేను పెద్దగా అడిగేవాణ్ణి కాదు.

మా పెద్ద ఇన్‌స్పెక్టరుకి ఆ ఓడ రోజు లిస్టంటే ప్రాణం. సాయంత్రం ఎర్ర పెన్సిలుతో లిస్టు అడుగున సున్నా చుట్టి, పెండింగ్ ఏమీ లేదని పైవాళ్ళకి పంపేవాడు. చెడ్డవాడు కాదు. ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. కానీ ఆ సున్నా కోసం మమ్మల్ని గడ్డి తినమన్నా తినేవాళ్ళం. పని తొందరగా తెమిలితే అది న్యాయమేనని నేను ఆయన దగ్గర నేర్చుకున్నాను. అది వదలడానికి నాకు సగం సర్వీసు పట్టింది.

సింహాద్రి

సింహాద్రి మా వీధివాడే. నాకన్నా మూడేళ్ళు పెద్ద. చిన్నప్పుడు నన్ను "ఒరే తమ్ముడా" అని పిలిచేవాడు, నేను ఖాకీ వేసుకున్నాక "బాబూ" అనడం మొదలెట్టాడు. వద్దన్నా మానలేదు, నేనూ గట్టిగా వద్దనలేదు. వాళ్ళ నాన్నతో వేటకి వెళ్ళడం మానేసి డ్రైవింగు నేర్చుకుని, ఒక కంట్రాక్టరు దగ్గర రాళ్ళకీ ఓడ సరుకుకీ తిరిగే లారీ నడిపేవాడు. భార్య పురిటికి విశాఖ వెళ్ళింది. పాప పుట్టిందని ఉత్తరం వచ్చింది. ఇద్దరినీ తీసుకురావడానికి ఓడ టికెట్ కొనుక్కున్నాడు.

ఓడకి ఇంకా రెండు రోజులుందనగా, వానలో డెలానీపూర్ దిగుడులో లారీ జారింది. రోడ్డు అంచున చేపల తట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తున్న నూకాలమ్మకి తగిలింది. ఆమె బతు బస్తీ మనిషి, ఇంటింటికీ తిరిగి చేపలమ్మేది. మా అమ్మ కూడా ఆమె దగ్గరే కొనేది. సింహాద్రి పారిపోలేదు. ఆమెని తన చేతులతో ఎత్తి అదే లారీలో ఆసుపత్రికి చేర్చి, అక్కణ్ణుంచి నడిచి స్టేషనుకి వెళ్ళాడు.

స్టేషనువాళ్ళు రెండు కాగితాలు రాశారు. అజాగ్రత్తగా బండి నడిపి మనిషిని గాయపరచడం ఒకటి. బ్రేకులు సరిగ్గా లేని బండిని రోడ్డు మీద నడపడం రెండోది. ఒకే ప్రమాదంలో రెండు వేరు వేరు తప్పులుంటే రెండు కేసులు పెట్టొచ్చు, రెంటికీ శిక్ష వేయొచ్చు, దాంట్లో అన్యాయమేమీ లేదు. మీ దగ్గరికి వచ్చే వకీళ్ళు దీన్ని ఒకే తప్పుకి రెండు శిక్షలంటూ గోల చేస్తారు. కంగారుపడకండి, బండి బాగోకపోవడం వేరు, దాన్ని అడ్డదిడ్డంగా తోలడం వేరు. కానీ మా రెండో కాగితంలో ఒక లోపముంది. బ్రేకుల కేసులో బండి యజమాని పేరు కూడా ఉండాలి. అక్కడ ఖాళీ వదిలేశారు. నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

వరండాలో పది నిమిషాలు

ఓడ రోజు పొద్దున, కోర్టు ఇంకా మొదలవలేదు, ఆసుపత్రి డ్యూటీ కానిస్టేబులు సైకిలు మీద వచ్చాడు. నన్ను పక్కకి పిలిచి, నూకాలమ్మ తెల్లారుజామున పోయిందని చెప్పాడు. కాగితం మీద కబురు మధ్యాహ్నానికి స్టేషనుకి వస్తుందన్నాడు. అతను చెప్పి వెళ్ళిపోయాడు. ఇది విన్నది నేనొక్కణ్ణే.

అప్పుడు నేను చేసిన ఆలోచన మీకు ఉన్నదున్నట్టు చెబుతాను. ఒక నేరానికి మనిషిని రెండుసార్లు శిక్షించకూడదని కాలేజీలో చదివాను. చావు కబురు కాగితం మీదికి రాకముందే సింహాద్రి గాయం కేసు ఒప్పేసుకుని ఫైను కట్టేస్తే, ఇక చావు కేసు పెట్టడానికి వీలుండదు అనుకున్నాను. మావాణ్ణి కాపాడుతున్నానని లోలోపల మురిసిపోయాను. పెద్దాయన సున్నా కూడా దక్కుతుంది. నూకాలమ్మ ఇంట్లోవాళ్ళ సంగతి ఆ పది నిమిషాల్లో నాకు గుర్తే రాలేదు. సిగ్గుగా ఉంది రాయడానికి.

సింహాద్రి వరండాలో గోడకి చేరగిలబడి ఉన్నాడు. పక్కన ట్రంకు పెట్టె.

"బ్రేకు పట్టనేదు బాబూ" అన్నాడు. "ఓనరుకి మూడు దినాల ముందే సెప్పేను. ఈ ఓడ సరుకు అయ్యేక సూద్దాం అన్నాడు. గేరులో ఏసి ఆపుకుంటా వొచ్చేను. వానకి జారిపోనాది."

"అన్నా, అదంతా లోపల చెప్పకు" అన్నాను. "చెబితే కేసు సాగుతుంది, ఓడ పోతుంది. రెంటికీ ఒప్పుకున్నానని చెప్పు. ఫైను కట్టి వెళ్ళిపో."

"ఆ యమ్మకెలాగుంది?"

"ఆసుపత్రిలో చూసుకుంటున్నారు" అన్నాను.

ఆ మాటని నేను ఎన్నిసార్లు నెమరేసుకున్నానో. అబద్ధమని ఎవడూ పట్టుకోలేడు, నిజం మాత్రం కాదు. మన వృత్తిలో ఇలాంటి మాటలు నోటికి ఊరికే వచ్చేస్తాయి. తెలివి అనుకుంటాం.

లోపల పిలిచారు. ఒప్పుకున్నానన్నాడు, రెండుసార్లు, రెండు కాగితాలకి. మేజిస్ట్రేటుగారు మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన పెద్దమనిషి, నిదానస్తుడు. గాయపడినామె ఎలా ఉందని నన్నే అడిగారు. ఆసుపత్రిలో చేర్చారని చెప్పాను. ఆయన రాసుకున్నారు. ఫైను కట్టించుకున్నారు. సింహాద్రి నాకు దండం పెట్టి ట్రంకు పెట్టె భుజాన వేసుకుని జెట్టీకి పరిగెత్తాడు.

నాకు సగమే తెలిసిన చట్టం

రెండు శిక్షలు కూడదన్న నియమం కింద ఇంకో ముక్క ఉంది. శిక్ష వేసేనాటికి ఆ పని వల్ల ఇంకా పెద్ద నష్టం జరిగిందని కోర్టుకి తెలియకపోతే, ఆ పెద్ద నష్టానికి మళ్ళీ విచారించొచ్చు. కోర్టుకి తెలియకపోతే, అని స్పష్టంగా ఉంది. నేను పరీక్షకి పై ముక్క చదివి కిందది వదిలేసిన రకం. కబురు దాచి మావాడికి తలుపు వేసి కాపాడుతున్నాననుకున్నాను. నిజానికి దాచడం వల్లే ఆ తలుపు తెరిచే ఉండిపోయింది. ఆ పొద్దున కోర్టులో "ఆమె పోయిందండీ" అని ఒక్క మాట చెప్పి ఉంటే, మేజిస్ట్రేటుగారు ఆ ఒప్పుకోలు తీసుకునేవారే కాదు. ఓడ తప్పేది. కానీ కేసు మొదటి నుంచి సరిగ్గా నడిచేది, బ్రేకు సంగతి బయటికి వచ్చేది, కంట్రాక్టరు బోనెక్కేవాడు.

వారం తిరక్కుండా చావు కేసు ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. ఇది మళ్ళీ ఎలా కుదురుతుందని పెద్ద ఇన్‌స్పెక్టరుని అడిగాను. ఆయన పుస్తకం తీసి ఆ కింది ముక్క మీద వేలు పెట్టి చూపించాడు. "కోర్ట్ కో మాలూమ్ నహీ థా న? ఫిర్ క్యా దిక్కత్ హై" అన్నాడు. కోర్టుకి తెలియదు గదా, ఇక అడ్డేముందని. నాకు తెలుసని ఆయనకి చెప్పలేదు.

తిరిగొచ్చాడు

సింహాద్రి కావాలంటే విశాఖలోనే ఉండిపోయేవాడు. ఇక్కణ్ణుంచి వారెంటు వెళ్ళి అతన్ని వెతికి పట్టుకోవడం ఆ రోజుల్లో అయ్యే పని కాదు. కానీ తర్వాతి ఓడకే భార్యని, పాపని తీసుకుని వచ్చాడు. జెట్టీ మీద ఎవరో చెప్పారట నూకాలమ్మ పోయిందని. ఇంటికి కూడా వెళ్ళకుండా, పాపని ఎత్తుకుని తిన్నగా వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాడు. నూకాలమ్మ తమ్ముడు పైడయ్య, ఇరుగుపొరుగు అంతా చూస్తుండగా, "తప్పు నాదే" అన్నాడు.

ఇక్కడ మా వీధి సంగతి కొంచెం చెప్పాలి. మావాళ్ళలో వేటలో గానీ రోడ్డు మీద గానీ ఒకరికి ఏదైనా జరిగితే, క్షేమంగా మిగిలినవాడు ఆ ఇంటి ముందుకి వచ్చి తప్పు నాదేననాలి. పడవ ఎవరి వల్ల తిరగబడిందనేది తర్వాత పెద్దలు తేలుస్తారు. ముందు ఆ మాట అనాలి. అది పరామర్శ. అనకపోతే ఆ రెండిళ్ళ మధ్య మంచినీళ్ళు కూడా నడవవు. మా నాన్న తన తప్పేమీ లేకుండా ఇద్దరి గుమ్మాల ముందు ఆ మాట అన్నాడు, నేను పక్కన నిలబడి విన్నాను.

అంత తెలిసిన నేను ఏం చేశానో వినండి. ఆ మాటని సాక్ష్యంగా పెట్టాను. పైడయ్యని బోనెక్కించి, ముద్దాయి మీ ఇంటికి వచ్చి ఏమన్నాడని అడిగాను. తప్పు నాదేనన్నాడని పైడయ్య ఉన్నది చెప్పాడు. అంతవరకే అడిగి కూర్చోబెట్టాను. మేజిస్ట్రేటుగారికి మా ఆనవాయితీ తెలియదు, సింహాద్రి వకీలు బెంగాలీ ముసలాయన, ఆయనకీ తెలియదు. కోర్టు హాల్లో చదువుకున్నవాళ్ళలో అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

బయటికి వచ్చాక పైడయ్య నన్ను మెట్ల దగ్గర ఆపాడు.

"అది మన మరేదకి అనీసిన మాట గదా బాబూ. నువ్వు మనోడివే. నీకు తెల్దా?"

నేను ఫైలు చూసుకుంటున్నట్టు తలొంచుకుని వెళ్ళిపోయాను. అక్కని పోగొట్టుకున్నవాడికున్న నిజాయితీ ప్రభుత్వం జీతం తింటున్న నాకు లేకపోయింది.

నన్ను అడిగిన ఒకే ప్రశ్న

బెంగాలీ వకీలు బాగానే వాదించాడు. ఈ ప్రమాదానికి ఈ మనిషికి ఒకసారి శిక్ష పడింది, మళ్ళీ విచారించడానికి లేదన్నాడు. మొదటి రోజుకే ఆమె పోయింది గనక కోర్టుకి తెలిసినట్టే లెక్కన్నాడు. చివర్లో అసలైన మాట అన్నాడు. ప్రాసిక్యూషనువాళ్ళకి చావు కబురు తెలిసి కూడా దాచి ఇతని చేత ఒప్పించి ఉంటే, ఆ ఒప్పుకోలుని ఇప్పుడు ఇతని మీద వాడకూడదన్నాడు. ఆయన ఊరికే చీకట్లో రాయి వేశాడు. అది వచ్చి నాకే తగిలింది.

మేజిస్ట్రేటుగారు కలం పక్కన పెట్టి నా వైపు తిరిగారు. ఆ ఉదయం మీకు తెలుసా అని అడిగారు. గద్దించలేదు, మామూలుగానే అడిగారు. సింహాద్రి బోనులో నుంచి నన్నే చూస్తున్నాడు. వాడి ముఖంలో అనుమానం లేదు. నేను తనకేదో మేలు చేయబోతున్నానన్నట్టు చూస్తున్నాడు. కబురు తెచ్చిన కానిస్టేబులు అప్పటికే నికోబార్‌కి బదిలీ అయిపోయాడు. పెద్ద ఇన్‌స్పెక్టరు నా వెనక బెంచీ మీద ఉన్నాడు. నాకు పెళ్ళి కుదిరి ఉంది.

"సమాచారం అందలేదు సార్" అన్నాను.

అంతే. ఆయన కలం తీసుకున్నారు.

నేను నిజం చెప్పి ఉంటే రెండో విచారణ ఆగిపోయేదా అని నన్ను అడిగితే, ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. నాకు తెలియడం, కోర్టుకి తెలియడం ఒకటి కాదని వాదించేవాళ్ళు ఉంటారు. కానీ ఆ ఒప్పుకోలు కాగితం మాత్రం పక్కకి పోయేది. అది పోతే మిగతాది కూలిపోయేది. నా అబద్ధం వల్ల అది నిలబడింది. మొదటి కాగితం ప్రకారం అజాగ్రత్తగా నడిపానని అతనే ఒప్పుకున్నాడు. రెండో కాగితం ప్రకారం బ్రేకులు పాడైన బండి అని తెలిసే నడిపాడు. పైడయ్య సాక్ష్యం ప్రకారం తప్పు తనదేనన్నాడు. విడివిడిగా చిన్నవైన మూడింటినీ నేనే కలిపి కట్ట కట్టి వాదించాను. ఓనరు వచ్చి తనకెవరూ ఏమీ చెప్పలేదని ప్రమాణం చేసి వెళ్ళాడు. ఏడాది జైలు పడింది. సింహాద్రి బయటికి వచ్చేసరికి పాప నడుస్తోంది.

నా పెళ్ళి అనుకున్న ముహూర్తానికే జరిగింది. నా సర్వీసు పుస్తకంలో ఒక్క మచ్చ లేదు.

మీకు చెప్పేది

పెద్ద మాటలు చెప్పే అర్హత నాకు లేదు గనక పనికొచ్చేవే చెబుతాను. ఒప్పుకున్నాననే ముద్దాయిని చూసి సంతోషపడకండి, ఎందుకు ఒప్పుకుంటున్నాడో అడగండి. ఓడ కోసమా, పెళ్ళాంబిడ్డల కోసమా, మీ మొహమాటం కోసమా. ఒకే ప్రమాదానికి నాలుగు కాగితాలు వస్తే నాలుగూ ఒకేసారి బల్ల మీద పరచండి. తేలిగ్గా ఉందని ఒకదాన్ని ముందు తెమల్చొద్దు. మీ మనిషని ఎవరికైనా మేలు చేయాలనిపిస్తే ఆ ఫైలు ఇంకొకరికి ఇచ్చేయండి. నేను మా వీధివాడి మీద ప్రేమతో మొదలుపెట్టాను, నా కుర్చీ మీద ప్రేమతో ముగించాను. మధ్యలో ఎక్కడ మారానో నాకే తెలియలేదు.

బతు బస్తీలో

రిటైరైన మూడో ఏడాది, ధైర్యం చేసుకుని సింహాద్రి ఇంటికి వెళ్ళాను. కూతురు చిన్న కిరాణా కొట్టు నడుపుతోంది. వెనక గదిలో ఆయన వల బాగు చేస్తున్నాడు. జైలు నుంచి వచ్చాక మళ్ళీ స్టీరింగు పట్టలేదట. నన్ను చూసి లేవబోతే నేనే పట్టుకుని కూర్చోబెట్టాను.

తిట్టించుకుందామనే వెళ్ళాను, దాచను. తిట్టినా కొట్టినా నాకు కొంచెం తేలికవుతుందని ఆశ. వరండాలో జరిగింది, కానిస్టేబులు కబురు, కోర్టులో నా అబద్ధం, మొత్తం చెప్పాను. బ్రేకు పోయిందని నువ్వు చెబితే నేనే నోరు మూయించానని చెప్పాను.

ఆయన వల పక్కన పెట్టాడు.

"బ్రేకు పోనాదా?" అన్నాడు.

"నువ్వే చెప్పావన్నా. ఓనరుకి మూడు రోజుల ముందే చెప్పానన్నావు."

కుడికాలితో నేలని బ్రేకు తొక్కినట్టు నొక్కి చూశాడు. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాడని నాకు అర్థమైంది.

"నాకు గురుతు నేదు బాబూ" అన్నాడు. "నానే జోరుగా వొచ్చేను. కోర్టు రెండుమాట్లు రాసింది గదా. అదే అయ్యుంటది."

ఏటేటా నూకాలమ్మ పోయిన రోజున ఆ గుమ్మం ముందుకి వెళ్ళి తప్పు నాదేనని చెప్పి వస్తాడట. పైడయ్య పోయాడు. ఇప్పుడా ఇంట్లో ఉన్న పిల్లలకి ఈ ముసలాయన ఎవరో, ఎందుకొస్తాడో తెలియదు. కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపిస్తారట.

నేను వాన గురించి చెప్పాను, డెలానీపూర్ దిగుడు గురించి చెప్పాను. గేరులో వేసి బండిని ఆపుకుంటూ వచ్చిన సంగతి ఆయన మాటల్లోనే ఆయనకి చెప్పాను. కంట్రాక్టరు ఏమన్నాడో చెప్పాను. సర్వీసంతా ముద్దాయిల మీద వాదించినవాణ్ణి, ఆ మధ్యాహ్నం మొదటిసారి ఒక ముద్దాయి తరఫున గంటసేపు వాదించాను. ఆయన మర్యాదగా అంతా విన్నాడు. ఒప్పుకోలేదు.